మెతుకు తెల్లగనే ఉండె

మా గల్లీల సూది ఇయ్యని డాక్టరును ఎవ్వరూ డాక్టరనకపోదురు. వట్టి గోలీలిచ్చి పంపిస్తే, "ఈయనకు సదువు సరిగ రాదు గావచ్చు" అనుకుంట ఇంకో దగ్గరికి పోతుంటిమి. నాకైతే సదువే లేదు, సంతకం వరకు వస్తది. అందుకే ఇదంతా నోటితోని చెప్తున్న, మా కోడలు రాస్తున్నది. నడుమ నడుమ కలం ఆపి, "అత్తా, గిది గిట్ల రాస్తే బాగుండదు" అంటది. బాగుండేటందుకు కాదు, నేను చెప్పినట్టే రాయమన్న.

మాది కార్వాన్‌ల బర్రెల కొట్టం. పొద్దున, పొద్దుమీకి పిండుడు. మా ఇంటాయన సైకిలుకు క్యాన్లు కట్టుకొని పురానాపూల్ దాటి హోటళ్లకు పోసి వచ్చేటోడు. గల్లీలల్ల ఇంటింటికి పోసుడు నాది. బర్రెల పనంటే ఏందో చేసినోళ్లకే ఎరుక. వేళ్లు కొయ్యబారుతయి, నడుము పడిపోతది. అందుకని ఐతారం పాలు పోసుడైనంక ఇద్దరం కలిసి మూల మీది దవాఖానకు పోయి బలానికని తాకత్ సూది ఏపిచ్చుకుంటుంటిమి.

దవాఖాన అంటే ఒక్క అర్ర. ఆయన వెనుకట యాడనో కంపౌండర్ పని చేసిండట, మేము డాక్టర్ సాబ్ అనేటోళ్లం. మంచోడే, నవ్వుకుంట మాట్లాడేటోడు. మూలకు స్టవ్వు, దాని మీద స్టీలు డబ్బ, డబ్బల నీళ్లు, ఆ నీళ్లల్ల గాజు సూది. ఒకరికి ఇచ్చుడు, నీళ్లల్ల ముంచుడు, తీసి ఇంకొకరికి ఇచ్చుడు. నీళ్లు మరుగుతున్నయా, స్టవ్వు ఆరిపోయిందా, ఎవరు చూసిన్రు? అందరికి కావాల్సింది ఎర్ర సూది. దానిమ్మ రసం లెక్క ఎర్రగుంటుండె ఆ మందు. ఏపిచ్చుకున్న జర సేపటికి నోట్లకు ఒక తీరు వాసన ఎక్కేది. ఆ వాసనొస్తే మందు పట్టిందని ఖుషీ అయితుంటిమి.

మా ఇంటాయన బల్ల మీద బోర్ల పండుకొని, "డాక్టర్ సాబ్, దీనికి గూడ గదే ఇయ్యండ్రి. లేకుంటే ఇంటికి పోయినంక నీకు ఎర్రది, నాకు తెల్లదా అని లొల్లి పెడ్తది" అనేటోడు. అర్రల ఉన్నోళ్లందరు నవ్వేటోళ్లు. నేను కొంగు నోటికడ్డం పెట్టుకునేదాన్ని. మా ఇద్దరికి సినిమాలు లేవు, షికార్లు లేవు. ఐతారం సూదే మాకు షికారు.

తొంభైలు మొదలైన కాలంల, కొడుకు బడికి పోతున్నప్పుడు, మా ఇంటాయన కండ్లు పచ్చబడ్డయి. పస్కలు, అదే కామెర్లు. పస్కలకు మేము భయపడకపోదుము, ఎందుకంటే మందు మా చేతులనే ఉండె అనుకునేటోళ్లం. పసరు మందు బర్రె పెరుగుల కలిపి తాగాలె గనక, గల్లీల ఎవరికి పస్కలైనా గిన్నె పట్టుకొని మా ఇంటికే వచ్చేటోళ్లు. ఇప్పుడు మా పెరుగు మాకే పనికొచ్చింది. ఉప్పు బంద్, నూనె బంద్. చెయ్యి మీద కాల్చి చురక గూడ పెట్టిచ్చినం.

జబ్బు పోయిందో లేదో చూసేటందుకు మాకో తీరు ఉండె. మట్టి పిడతల మూత్రం పట్టి, అందుల తెల్లన్నం మెతుకులు ఏసి, జర సేపైనంక చూస్తరు. మెతుకు పచ్చగైతే పస్కలు ఉన్నట్టు. తెల్లగుంటే పోయినట్టు. ఒకనాడు మా అత్త పిడత వాకిట్లకు తెచ్చి, ఎండకు పట్టి చూసి, "తెల్లగనే ఉన్నదిరా బిడ్డా" అని మొక్కింది. ఆ పూట కోడిని కోసినం. జబ్బు పోయిందని గల్లీ అంతా చెప్పుకున్నం.

కొన్నేండ్లు మంచిగనే తిరిగిండు. ఆ తర్వాత కడుపు ఉబ్బుకుంట వచ్చింది, కాళ్లు వాచినయి. పెద్ద దవాఖానల కడుపులకెళ్లి నీళ్లు తీసిన్రు, మళ్ల నిండినయి. లివర్ మొత్తం ఖరాబైందన్నరు. ఎందుకైందో అప్పుడు మాకెవ్వరు చెప్పలె, మేము అడగలె. ఆయన పోయినంక గల్లీ మాత్రం చెప్పింది. "కల్లు తాగి తాగి పోయిండు" అన్నది. బోనాలకు ఒక ముంత, ఎవరింట్లనన్న పెండ్లికి ఒక ముంత తాగే మనిషి. పాలు పోస్తుంటే వెనుక నుంచి ఆ మాట వినబడేది. బదులు చెప్పేటందుకు నా దగ్గర ఏముండె? కొట్టం నడిపిన. కొడుకును సదివిచ్చిన. వాడికి కంచన్‌బాగ్‌ల ఫ్యాక్టరీ కొలువు దొరికింది. కోడలు వచ్చింది, మనుమరాలు పుట్టింది.

ఇగ నా సంగతి. రెండువేలు దాటినయి. పిండేటప్పుడు బకీటు మోకాళ్ల నడుమ ఇరికిచ్చుకొని, తల బర్రె డొక్కకు ఆనిచ్చి, ముందుకు వంగుతం గదా. ఒక పొద్దున అట్ల వంగితే కుడి దిక్కు పక్కబొక్కల కింద ఏదో గట్టిగ ఒత్తుకున్నది. బకీటు అంచు అనుకొని జరిపిన. మళ్ల ఒత్తుకున్నది. బకీటు తీసి పక్కకు పెట్టి వంగి చూసిన. అది బకీటు కాదు, నా లోపలనే ఉన్నది.

ఎవ్వరికి చెప్పలె. ఇంట్ల ఎవరు లేనప్పుడు పిడత తీసిన. మెతుకులు ఏసిన. తెల్లగనే ఉండె. అయితే లివర్‌కు ఏం కాలేదు, వాయువు అయ్యుంటది అనుకొని పనిల పడ్డ. కానీ కూడు పోతలేదు. పండుకుంటే చెమటకు రవిక తడిసిపోతున్నది. రవికలన్ని వదులైనయి. కోడలు ఒకనాడు బట్టలు ఆరేసుకుంట నా రవిక పట్టుకొని చూసింది.

"అత్తా, గీ కుట్టు రెండు సార్లు లోపలికి ఏసినవు. ఎందుకు?"

"ముసలిదాన్నైతున్న, ఆరిపోతున్న. నీకేంది?"

"ఆరిపోయినోళ్లకు కడుపు గట్ల ఒక్క దిక్కే ఎత్తుగుంటదా?"

ఆ పిల్ల కండ్లు గట్లాంటివి. కొడుకుతోని చెప్పింది. కొడుకు ఫ్యాక్టరీ తరపున తల్లిదండ్రులకు వైద్యం ఉన్నదని, ఒక పెద్ద దవాఖానకు తోల్కపోయిండు. కడుపు మీద జిగట మందు పూసి యంత్రం తిప్పిన్రు, రక్తం తీసిన్రు. లివర్‌ల గడ్డ ఉన్నదన్నరు. రక్తంల హెపటైటిస్ సి అనే వైరస్ ఉన్నదన్నరు. గడ్డ ఎసొంటిదో తెలియాలంటే పొడుగు సూదితోని చిన్న ముక్క తియ్యాలె అన్నరు.

లివర్ అన్న మాట వినంగనే నాకు మా ఇంటాయన కడుపు కండ్లల్ల కనబడ్డది. ఇగ సూది అన్నరు. మా దిక్కు అందరు ఏమంటరంటే, గడ్డకు ఇనుము తాకితే అది లేస్తది, ఒళ్లంత పాకుతది అంటరు. తాకకుంటే నిద్రపోతదట. నేను లేచి చీర సర్దుకున్న. "నాకు సూది వద్దు, ముక్క వద్దు. పోయేదాన్ని పోనియ్యిండ్రి. ఆయన పోయిన తొవ్వలనే పోత" అన్న. కొడుకు బతిమిలాడిండు. కోడలు దవాఖాన కాగితాలు సంచిల పెట్టుకున్నది. ఆటో ఎక్కి ఇంటికొచ్చినం.

వైరస్ అన్నందుకు ఇంట్ల నా పళ్లెం, గ్లాసు పక్కకు పెట్టుకున్న. మనుమరాలు ఒళ్లెకు ఉరికొస్తే దూరం జరిగిన. ఎట్ల తెలిసిందో గల్లీకి తెలిసింది. రెండు మూడిండ్లోళ్లు పాలు బంద్ చేసిన్రు. ఎదురింటి ఖాలా మాత్రం గిన్నె పట్టుకొని వచ్చింది. నేను, "నా చేతి పాలొద్దు ఖాలా, నాకు బీమారి ఉన్నది" అంటే, ఆమె నా దిక్కు కోపంగ చూసింది. "బీమారీ తుమ్హారే కలేజే మే హై, దూద్ తో భైంస్ దేరీ నా? డాలో మా, చాయ్ కా టైం హోరా" అన్నది. జబ్బు నాకైతే పాలిచ్చేది బర్రె గదా, చాయ్‌కు టైమైతున్నది పొయ్యి అని ఆమె లెక్క. నవ్వు ఆగలె. పోసిన.

నవ్విన గానీ వొంట్ల తాకత్ లేదు. మరునాడు పాలు పోసి వస్తుంటే కండ్లు తిరిగినయి. కాళ్లు వాటంతట అవే మూల మీది దవాఖానకు తీస్కపోయినయి. డాక్టర్ సాబ్‌కు తలంతా నెరిసింది. గాజు సూది పోయి ప్లాస్టిక్ సూది వచ్చింది గానీ, దాన్ని గూడ అదే స్టీలు డబ్బల నీళ్లల్ల ముంచి తీస్తుండె. "ఏమ్మా, చిక్కిపోయినవు. ఎర్ర సూది ఇయ్యనా?" అన్నడు. పానం లేచొచ్చింది. బల్ల మీద కూసుండి రవిక చెయ్యి పైకి గుంజిన.

అప్పుడే గడపల కోడలు నిలబడ్డది. బిడ్డను సంకనేసుకొని ఎతుక్కుంట వచ్చినట్టున్నది. నా చెయ్యి చూసింది, ఆ సూది చూసింది.

"ఏందత్తా ఇది? దవాఖానల సూదంటే భయమైతదని లేచి వచ్చినవు. ఇక్కడ చెయ్యి చాపి కూసున్నవు!"

"ఇది తాకత్ సూది, ఏం కాదు. అది గడ్డల పొడిచే సూది."

"అక్కడి సూది ఒక్కరికి ఒక్కటే, వాడి పారేస్తరు. నీ రక్తంల గీ వైరస్ యాడికెళ్లి వచ్చిందని పెద్ద దవాఖానల డాక్టరమ్మ అడిగింది, యాదికున్నదా? ఎప్పుడన్న రక్తం ఎక్కిచ్చుకున్నరా, వాడిన సూదులు వేయించుకున్నరా అని? నువ్వు లేదన్నవు."

నేను లేదనే అన్న. తాకత్ సూదులు అందుల లెక్క అని నాకెట్ల తెలుస్తది? అవి మాకు మందులే కావు, పండ్లు తిన్నట్టు. బల్ల మీద కూసుండి ఆ డబ్బ దిక్కు చూసిన. నీళ్ల మీద పొగ లేదు. నా కంటె ముందు సూది ఏపిచ్చుకున్న ముసలాయన చెయ్యి రుద్దుకుంట బయటికి పోతుండు. ఆయనకు ఇచ్చిన సూదే ఇప్పుడు నీళ్లల్ల ఉన్నది. మా ఇంటాయన, నేను, ఎన్ని ఐతారాలు ఆ బల్ల మీద నవ్వుకుంట పండుకున్నమో.

డాక్టర్ సాబ్, "ఏమ్మా, ఇయ్యనా వద్దా?" అన్నడు.

"వద్దు సాబ్" అని బల్ల దిగిన. తొవ్వల కోడలును తిట్టిన, అందరి ముంగట ఇజ్జత్ తీసిందని. అది, "ఇజ్జత్ మళ్ల సంపాయిద్దువు గానీ, రేపు దవాఖానకు పోదాం పా" అన్నది. బిడ్డ దాని భుజం మీది నుంచి నా కొంగు పట్టుకొని గుంజుతున్నది. గట్లనే గుంజనిచ్చిన. పోదామన్న.

పొడుగు సూది నిజంగనే పొడుగున్నది. మత్తు సూది ముందు చురుక్కుమన్నది, తర్వాత టక్కుమని ఒక చప్పుడు, భుజం దాంక ఒక నొప్పి. గంతే. కొన్ని గంటలు కదలకుండ పండుకోమన్నరు. గడ్డ లేచి నా మీదికి రాలె. ముక్క సంగతి చెప్తమని మళ్ల రమ్మంటే నేను, కోడలు పోయినం.

డాక్టరమ్మ కోస్తా దిక్కుదనుకుంట, అన్నిటికి 'అండి' అంటది. కుర్చీ జరుపుకొని నా పక్కకు వచ్చి కూసున్నది.

"అమ్మా, మీకున్నది లివర్‌లో మామూలుగా వచ్చే క్యాన్సర్ కాదండి. లింఫోమా అంటారు. రక్తంలో తెల్లకణాలుంటాయి, జబ్బులతో పోట్లాడేవి. వాటికి వచ్చే క్యాన్సర్ ఇది."

"రక్తంల కణాలకు వచ్చేది లివర్‌లకు ఎందుకొచ్చె మేడమ్?"

"ఆ వైరస్ చాలా ఏళ్లుగా మీ లివర్‌లో ఉండిపోయింది. దాన్ని తరమడానికి తెల్లకణాలు అక్కడికి వస్తూనే ఉంటాయి, పుడుతూనే ఉంటాయి. వైరస్ పోదు, ఇవి ఆగవు. అలా ఏళ్ల తరబడి జరిగితే ఎప్పుడో ఒక కణం అదుపు తప్పి తనంతట తను పెరగడం మొదలుపెడుతుంది. అందరికీ రాదండి. ఆ వైరస్ ఉన్నవాళ్లలో కూడా చాలా అరుదు."

అరుదు అంటే ఏందని కోడలును చూసిన. "మస్తు తక్కువమందికి వస్తదట" అన్నది.

"గంతమందిల లాటరీ నాకే తగిలిందా?" అన్న. డాక్టరమ్మ నవ్వింది.

నా బుద్ధికి నేను ఇట్ల తెలుసుకున్న. గల్లీలకు దొంగ వచ్చిండు. కుక్కలు మొరిగినయి. దొంగ పోలె, ఇంట్లనే ఓ మూలకు దాక్కొని ఏండ్లకేండ్లు ఉన్నడు. కుక్కలు పండుకోలె, తినలె, మొరుగుకుంటనే ఉన్నయి, ఇంకా కుక్కలు జమైనయి. మొరిగి మొరిగి ఒక దానికి పిచ్చి లేచింది. ఇగ అది దొంగను ఇడిసిపెట్టి ఇంటోళ్లనే కరుస్తది. గదే నా గడ్డ. డాక్టరమ్మకు చెప్తే, "ఈ మాట నేను వేరేవాళ్లకి చెప్పుకోవచ్చా?" అని అడిగింది. చెప్పుకోమన్న.

"మందుకు కరుగుతదా మేడమ్?"

"మాటివ్వలేను గానీ, ఈ రకం చాలామందిలో మందుకు లొంగుతుందండి. ముందు గడ్డ సంగతి చూద్దాం. తర్వాత ఆ వైరస్‌ని కూడా పట్టాలి, దాన్ని అలా వదిలెయ్యకూడదు."

లేవబోయి మళ్ల కూసున్న. అన్నేండ్ల నుంచి లోపల ఉన్న మాట అడిగిన. మా ఇంటాయనకు పస్కలైంది, మెతుకు తెల్లగైంది, ఆ తర్వాత లివర్ పోయింది, అందరు కల్లు తాగి పోయిండన్నరు, నిజమేనా అని.

"ఆయన రక్తం మేం చూడలేదు, కచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ తాగుడుతోనే లివర్ పాడవుతుందనుకోవడం తప్పు. కళ్లు తెల్లబడ్డాక కూడా వైరస్ లోపల ఉండిపోవచ్చు. చడీచప్పుడూ లేకుండా ఏళ్లు గడుస్తాయి. మెతుకులకి అది కనపడదు."

ఆ పొద్దు బయట మెట్ల మీద కూసుండి ఏడ్చిన. కోడలు నాకు క్యాన్సరని ఏడుస్తున్న అనుకున్నది. దానికి కాదు. గల్లీ మాటకు ఇగ బదులు చెప్పొచ్చన్న ధైర్యం వచ్చి ఏడ్చిన. రాసుకుంటుంటే ఇప్పుడు అది గూడ ముక్కు తుడుసుకుంటున్నది. రాయి, ఆపకు.

కొడుకుకు, కోడలుకు, బిడ్డకు గూడ రక్తం చూసిన్రు. ఎవ్వరికి లేదు. కలిసి తిన్నందుకు, ముట్టుకున్నందుకు ఈ వైరస్ అంటదు, రక్తంతోనే వస్తదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాంగనే కోడలు నా పక్కపళ్లెం తీసి దాంట్ల దుడ్డెకు కుడితి పోసింది. "ఇగ ఇది దుడ్డెది" అన్నది. నేను మళ్ల అందరి పళ్లాలల్లనే తిన్న.

గడ్డ మందు సీసాల నుంచి బొట్టు బొట్టుగ ఎక్కిచ్చేటోళ్లు. ఎక్కిచ్చి పంపి, మూడు వారాలైనంక మళ్ల రమ్మనేటోళ్లు. వాంతులు, నోట్ల పుండ్లు. వెంట్రుకలు మొత్తం ఊడినయి. పాలకొచ్చిన ఒకామె, "ఏమ్మా, యాడ మొక్కు తీర్సుకున్నవు?" అన్నది. "నేను మొక్కక ముందే దేవుడే తీసుకున్నడు" అన్న. కోడలే కొట్టం చూసుకున్నది. ఫ్యాక్టరీ క్వార్టర్ల పెరిగిన పిల్ల, బర్రెంటే ఆమడ దూరం ఉరికేది. నేను మంచం మీది నుంచి, "బొటనవేలు లోపలికి మడువకు, దానికి నొప్పైతది" అని అరిచేదాన్ని. "నాకు గూడ నొప్పైతున్నదత్తా, ఎవ్వరికన్న ఫికర్ ఉన్నదా?" అని కొట్టంల నుంచి అరిచేది. మొదట్ల బర్రె తన్నితే బకీటు పోయింది, కోడలు గూడ పెండల కూసున్నది. నా జబ్బుల నేను కడుపునిండ నవ్విన రోజు అదే.

మళ్ల యంత్రం తిప్పి చూసినప్పుడు గడ్డ సగానికి తగ్గింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. తర్వాత కనబడలేదన్నరు. జర కోలుకున్నంక వైరస్ మందు మొదలైంది. వారానికి ఒక సూది కడుపు మీద తోలుకు, దినాం గోలీలు. ఆ సూది ఇచ్చిన దినం జరం, వణుకుడు, ఒళ్లు కొట్టినట్టు. ఏడాది దగ్గర దగ్గర సాగింది. ఇచ్చుడు కోడలే నేర్సుకున్నది. ఇచ్చే ముందల నా కండ్ల ముందు ప్యాకెట్ పట్టి, "చూడత్తా, చింపుతున్న. కొత్తది. మంచిగ చూడు" అనేది. నేను పెద్ద ఆఫీసర్ లెక్క చూసి తల ఊపేదాన్ని. అన్నీ అయినంక రక్తం చూసి, వైరస్ కనబడ్తలేదన్నరు. ఆర్నెల్లైనంక చూసిన్రు, అప్పుడు గూడ కనబడలె.

వెంట్రుకలు వచ్చినయి, నల్లవి గూడ కొన్ని వచ్చినయి. ఒక పొద్దున ఎవ్వరికి చెప్పకుండ బకీటు తీస్కొని బర్రె కింద కూసున్న. మోకాళ్ల నడుమ ఇరికిచ్చి, తల డొక్కకు ఆనిచ్చి, మెల్లగ వంగిన. ఏం ఒత్తుకోలె. ఇంకా వంగిన. బర్రె ఊపిరి చెవుల వినబడ్తున్నది. గట్లనే ఉన్న, పిండుడు మరిచిపోయి. కోడలు వచ్చి, "దాని మీద పండుకున్నవా, పిండుతున్నవా?" అన్నది.

డాక్టర్ సాబ్ దగ్గరికి పోయి ఆ సూదుల సంగతి చెప్పిన, లొల్లి పెట్టలె. ఆయన నొచ్చుకున్నడు, తనకు అప్పట్ల అట్లనే నేర్పిన్రని అన్నడు. అది నిజమే గావచ్చు. ఇప్పుడు మా గల్లీల ఆడోళ్లు, "ప్యాకెట్ మా ముంగట చింపు సాబ్" అంటరు. ఖాలా అయితే చింపిన ప్యాకెట్ గూడ చేతుల పట్టుకొని చూస్తది. నేను పోతే గోలీ ఇయ్యమంట.

పెద్ద దవాఖానకు ఇప్పటికి పోత, చూపిచ్చుకొని వస్త. పోయినసారి వరండల ఒకామె గోడకానుకొని కూసున్నది, నా ఈడుదే. పెనిమిటి పక్కన నిలబడి బతిమిలాడుతుండు. "ముక్క తీస్తే పాకుతదంట, నేను రాను" అంటున్నది. నేను పోయి ఆమె పక్కన కూసున్న. చీర జర పక్కకు జరిపి, పక్కబొక్కల నడుమ మచ్చ చూపిచ్చిన. దోమ కుట్టినంత ఉంటది.

"గింతేనా?" అన్నది.

"గింతే."

"ఎన్నేండ్లైంది?"

"నా మనుమరాలు అప్పుడు కోడలు సంకల ఉండె. ఇప్పుడు నాకు బస్సు నంబర్ చదివి చెప్తది."

ఆమె వేలు పెట్టి మచ్చను తాకి చూసింది. నిజమో కాదో అన్నట్టు ఇంకోసారి తాకింది. లోపల నుంచి ఆమె పేరు పిలిచిన్రు. పెనిమిటి దిక్కు చూడలె, నా దిక్కే చూసి, ఒళ్లె ఉన్న టిఫిన్ డబ్బ నా చేతికిచ్చి లేచింది. "జర పట్టుకో అక్కా, మళ్ల వస్త" అన్నది.

పట్టుకొని కూసున్న. ఆమెను చక్రాల మంచం మీద బయటికి తీసుకొస్తే, నన్ను చూసి "అక్కా, అయిపోయింది" అనేటాళ్లకు, డబ్బ ఇంకా వేడిగనే ఉండె.